నక్షత్రాల మధ్య మేఘాల్లో కార్బన్ లెక్క

మన పాలపుంతలో నక్షత్రాల మధ్య చల్లని వాయు మేఘాలున్నాయి. వాటిలో కార్బన్ రెండు రకాలు: కార్బన్-12, కాస్త బరువైన కార్బన్-13. మొదటిది నక్షత్రాల్లో హీలియం మండి తయారవుతుంది. రెండోది ఎక్కువగా ముందుతరం కార్బన్ నుంచే పుడుతుంది. అందుకే నక్షత్రాల తరాలు గడిచేకొద్దీ దాని వాటా పెరుగుతుంది.

మరి కొలిచేదెలా? కార్బన్ మోనాక్సైడ్ అణువులో కార్బన్-12 ఉంటే 115.3 గిగాహెర్ట్జ్ దగ్గర, కార్బన్-13 ఉంటే 110.2 దగ్గర రేడియో తరంగాలొస్తాయి. వాటి బలాన్ని పోలుస్తారు. దట్టమైన మేఘంలో మొదటి సిగ్నల్ లోపలే చిక్కుకుని లెక్క తప్పుతుంది. అందుకని ఆక్సిజన్-18 ఉన్న అరుదైన అణువులనూ చూస్తారు.

ఒక్కో కార్బన్-13కి పాలపుంత నడిబొడ్డున సుమారు 20, మన చుట్టుపక్కల మేఘాల్లో 70కి దగ్గరగా కార్బన్-12 ఉన్నాయి. 460 కోట్ల ఏళ్ల క్రితం ఏర్పడిన సౌరకుటుంబంలో 89. అంటే సూర్యుడు పుట్టాక చుట్టూ ఉన్న వాయువు మారిపోయింది. మన ఒంట్లోని కార్బన్ మాత్రం ఆ పాత మేఘానిదే.