తొలిచూలు అమ్మాయి ఇంటికి ఎవరు వెళ్ళాలి?

మా అమ్మమ్మకి పదిహేనో ఏట మా పెద్దమామయ్య పుట్టాడు. "నాకేం తెలుసే! మా అత్తగారి చెల్లెలు రోజూ వచ్చి, పిల్లాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది" అనేది. ఆవిడ రాకపోతే ఏమయ్యేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎల్మైరా కథ చదివాక ఆలోచించాను.

1970ల మొదట్లో డేవిడ్ ఓల్డ్స్ అనే యువకుడు అమెరికాలోని బాల్టిమోర్‌లో, పేద పిల్లల్ని చూసుకునే కేంద్రంలో పనిచేసేవాడు. కొందరు పిల్లలు అక్కడికి వచ్చేసరికే బాగా నలిగిపోయి ఉండేవారు. సాయం తల్లి కడుపుతో ఉన్నప్పుడే మొదలవ్వాలని అతనికి అనిపించింది.

1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 400 మంది తొలిచూలు గర్భిణులతో ఆ ప్రయత్నం మొదలైంది. వాళ్ళలో ఎక్కువమంది 19 ఏళ్ళు నిండనివాళ్ళో, పెళ్ళికానివాళ్ళో, పేదవాళ్ళో. కొందరి ఇళ్ళకి నర్సులు వెళ్ళేవారు. కాన్పుకి ముందు సగటున 9 సార్లు, ఆ తర్వాత బిడ్డకి రెండేళ్ళు నిండేదాకా 23 సార్లు.

ఏం తినాలి, సిగరెట్ ఎందుకు మానాలి, బిడ్డ ఏడుపుకి అర్థమేమిటి అని చెప్పేవారు. అక్కడితో ఆగేవారు కాదు. మళ్ళీ చదువుకుంటావా, ఉద్యోగం చేస్తావా, రెండో బిడ్డ ఎప్పుడు అనీ మాట్లాడేవారు. ఇంట్లోవాళ్ళనీ ఆ మాటల్లో కలుపుకునేవారు.

పదిహేనేళ్ళ తర్వాత లెక్క చూస్తే, పిల్లల్ని హింసించిన, పట్టించుకోని కేసులు నర్సులు వెళ్ళని ఇళ్ళతో పోలిస్తే దాదాపు సగమే.

2007లో ఇంగ్లండ్ కూడా ఈ పద్ధతి తెచ్చుకుంది. 2015లో ఫలితాలొస్తే సిగరెట్ మానడంలో గానీ, బిడ్డ బరువులో గానీ అదనపు లాభం కనిపించలేదు. అక్కడ మంత్రసాని నర్సులూ, ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్తలూ అందరికీ ముందునుంచే ఉన్నారు మరి. ఎవరూ రాని ఇంటికే ఆ ఒక్క మనిషి విలువ ఎక్కువేమో!

ఇది పరాయి దేశం గొడవ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో.

మా వీధిలోనూ ఉంది ఒకమ్మాయి. బిడ్డకి జ్వరమని మా ఇంటికొస్తే, "ఇంత చిన్న వయసులో పెళ్ళేమిటే?" అన్నాను. మళ్ళీ రాలేదు. పోయినవారం నేనే వెళ్ళాను. ఏమీ చెప్పకుండా కాసేపు బిడ్డని ఎత్తుకున్నాను. చివర్లో తనే అంది, "ఇంటర్ రెండో సంవత్సరం రాయాలనుంది ఆంటీ" అని.

మీ ఇంట్లో పాత పుస్తకాలుంటే చెప్పండి.