విద్యార్థి యనగా నెవడు?



మా తాతగారు వారములు చేసికొని చదివినవారు. నేటి బాలురకీ మాట తెలియదు గాని, ఈ ప్రసంగము వినుచున్న పెద్దలకు వివరింప బనిలేదు. ఏడు దినములకు ఏడిండ్లు. ఒక్కొక్కనాడొక్కొక్క గృహస్థుని యింట భోజనము. పాఠము గురువుగారి యరుగుమీద. వారు కావ్యపాఠము నడుమ నుండగా ఆ యూర కలరా సోకినదట. ఏడిండ్లలో నాలుగిండ్ల తలుపులు మూతపడెను. చెప్పుటకు గురువుగారు సిద్ధము. వినుటకు శిష్యుడు సిద్ధము. నడుమ అన్నము లేదు. తాతగారు అటుకులమూట భుజమున వైచుకొని కాలినడకను స్వగ్రామము చేరిరి. విడిచిన సర్గ మరల ముట్టుటకు వారికి రెండేండ్లు పట్టినది. "రోగము నన్నంటలేదురా, నా చదువు నంటినది" అని మాతో చెప్పుచుండెడివారు.

2020వ సంవత్సరమున ఈ మాట నాకు పలుమాఱులు జ్ఞప్తికి వచ్చినది. ఆ యేట కోవిడు మహామారి లోకమునెల్ల గ్రమ్మినపుడు అమెరికా సంయుక్తరాష్ట్రములలో విద్యార్థులకు ప్రభుత్వము తక్షణ ధనసహాయము చేసినది. అది యెట్లు పుట్టినది, ఎవరికి చేరినది, ఎవరి గడపదగ్గఱ నిలిచిపోయినది అను చరిత్రను నేడు మీకు మనవి చేయదలచినాను. దూరదేశపు ముచ్చట మనకేల యందురేమో. మన పల్లెలలో ఆ దేశమునకు బిడ్డను పంపని వీథి ఇప్పుడు లేదు గాన అది మన ముచ్చటయు నగుచున్నది.

మా వీథిలో నొక రైతు కలడు. నాయొద్ద ఓనమాలు దిద్దినవాడు. అతని కుమారుడును నాయొద్దనే చదివినవాడు. 2019వ సంవత్సరమున అతడు రెండెకరముల మాగాణి తాకట్టుపెట్టి కుమారుని అచ్చటి యొక విశ్వవిద్యాలయమునకు పంపెను. ఆ పిల్లవాడు చదువుకొనుచు, అక్కడి భోజనశాలలో పళ్లెములు కడుగు పనిలో కుదిరెను. పరదేశపు విద్యార్థి, చదువు సాగుచున్న దినములలో, విద్యాలయపు ఆవరణములోనే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పని చేయవచ్చునని వారి నిబంధన. ఆ కూలితో గది యద్దెయు, కూరగాయలును గడచుచుండెను.

2020 మార్చి మొదటివారమున సీయాటిల్ నగరమందలి వాషింగ్టను విశ్వవిద్యాలయము తరగతి గదులలో పాఠములు నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. మార్చి 10వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయము, 15వ తేదీలోగా వసతిగృహములు ఖాళీ చేయవలసినదని తన విద్యార్థులకు తెలిపెను. 13వ తేదీన దేశాధ్యక్షుడు అత్యయిక స్థితిని ప్రకటించెను. ఈ 13వ తేదీని జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు మరల పని యున్నది. ఆ నెల గడచులోపల దేశములోని కళాశాలలు దాదాపన్నియు తలుపులు మూసికొని, పాఠములను కంప్యూటరు తెరలమీదికి మార్చినవి.

ధనిక దేశము గదా, అచ్చటి విద్యార్థులకు కొఱత యేమి యనుకొందుము. నేనును అట్లే యనుకొంటిని. కాని అచ్చట చదువువారిలో కూలిచేసి చదువువారు, తల్లిదండ్రులకు దూరముగా స్వయముగా బ్రదుకువారు, చంకలో బిడ్డతో చదువు తల్లులు లక్షలసంఖ్యలో కలరు. అందును కమ్యూనిటీ కళాశాలలనబడు చౌక కళాశాలలలో అట్టివారే హెచ్చు. భోజనశాల మూతపడినపుడు వారికి కూడును పోయినది, కూలియు పోయినది. గ్రంథాలయము మూసినపుడు పుస్తకముతోపాటు, సొంత కంప్యూటరు లేనివానికి తరగతియే పోయినది. మా తాతగారి ఏడిండ్లు వారికిని ఒక్కసారిగా మూతపడినవి.

2020 మార్చి 27వ తేదీన ఆ దేశపు కాంగ్రెసు చేసిన కేర్స్ చట్టముపై అధ్యక్షుడు సంతకము చేసెను. మొత్తము సుమారు 2.2 లక్షల కోట్ల డాలర్ల చట్టమది. అందులో ఉన్నత విద్యకై సుమారు 1,400 కోట్లు కేటాయించిరి. ఇందు సుమారు 1,256 కోట్లు ఒక లెక్కప్రకారము కళాశాలలకు పంచవలయును. ఏ కళాశాలకు వచ్చినదానిలోనైనను సగమునకు తక్కువ కాకుండ నేరుగా విద్యార్థుల చేతికీయవలెనని చట్టము విధించినది. దేనికొఱకు? అన్నము, వసతి, పుస్తకములు, చదువునకు వలయు యంత్రపరికరములు, వైద్యము, శిశుసంరక్షణ అని పేర్లు పెట్టి మఱీ వ్రాసిరి. అది అప్పు కాదు, తిరిగి చెల్లింపనక్కఱలేదు. దానిని ఆదాయముగా నెంచి పన్ను వేయబోమని పన్నుల శాఖవారును తెలిపిరి. విద్యార్థి కళాశాలకు పాతబాకీ యున్నను ఆ సొమ్మును ఆ పద్దులో కళాశాల విఱుచుకొనరాదు. కరవు పనుల కూలిని పాతబాకీ క్రింద జమకట్టుకొన్న షావుకార్ల కథలు విన్నవారికి ఈ యొక్క నిబంధన విలువ తెలియును.

పంచుటకు పెట్టిన లెక్కలో మాత్రము ఒక పొరపాటు దొర్లినది. ఆ దేశమున పేద విద్యార్థులకిచ్చు పెల్ గ్రాంటను సహాయమొకటి చిరకాలముగా నున్నది. సెనేటరు క్లెయిబోర్న్ పెల్ పేర వెలసినది. కళాశాల భాగములో నూటికి డెబ్బదియైదు వంతులు పెల్ విద్యార్థుల సంఖ్యనుబట్టియు, మిగిలిన యిరువదియైదు వంతులు ఇతరుల సంఖ్యనుబట్టియు నిర్ణయించిరి. ఇంతవఱకు న్యాయమే. కాని సంఖ్యను పూర్తికాలపు చదువు కొలమానముతో లెక్కించిరి. అనగా పగలు పనిచేసి సాయంకాలము సగము పాఠములు చదువువాడు అర విద్యార్థి. అట్టివారిద్దఱు కలిసినగాని ఒక విద్యార్థి కాడు. ముప్పదియేండ్లు హాజరుపట్టీలు వ్రాసినవాడను. సగము దినము వచ్చినవానికి సగము హాజరు వేయుట నెఱుగుదును. సగము ఆకలి వేయుట నెఱుగను. ఈ లెక్కవలన కూలివారు చదువు కళాశాలలకే భాగము తగ్గినది. తరువాతి చట్టములో తలల లెక్కనుకూడ కలిపి కొంత సరిదిద్దిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు ఈ లెక్కప్రకారము సుమారు 86 లక్షల డాలర్లు వచ్చినది. 4,000 కోట్ల డాలర్ల మూలధనముగల సంస్థకు దానమా యని గగ్గోలు పుట్టినది. అధ్యక్షుడే బహిరంగముగ నాక్షేపించెను. మొత్తమును విద్యార్థులకే యిత్తుమని వారు మొదట చెప్పిరి గాని, తుదకు ఏప్రిలు 22వ తేదీన మాకు వలదని మానుకొనిరి. స్టాన్‌ఫర్డు, ప్రిన్స్‌టన్ వారును మానుకొనిరి. పత్రికలకు కావలసినంత మేత దొరికినది. అసలు తగవు ఆ గగ్గోలులో మఱుగుపడినది.

ఆ తగవు ఒక్క మాటను గూర్చినది. ధనమును "విద్యార్థులకు" ఈయవలెనని చట్టము. విద్యార్థి యనగా నెవడో అందు నిర్వచింపలేదు. ఏప్రిలు 9వ తేదీన విద్యాశాఖ కార్యదర్శిని బెట్సీ డెవోస్ కళాశాలలకు వ్రాయుచు, పంచు విధమును మీ వివేకమునకే విడిచితిమన్నది. అదే నెల 21వ తేదీన విద్యాశాఖ వేఱొక మాట చెప్పినది: ఉన్నతవిద్యా చట్టపు నాల్గవ భాగముక్రింద మామూలుగా ప్రభుత్వసహాయము పొంద నర్హతగలవారికే ఇది చెల్లునని. ఆ యర్హత చిన్నది కాదు. పౌరుడుగాని, స్థిరనివాసపు హక్కు మొదలగునవి కలవాడుగాని కావలెను. పూర్వపు విద్యాఋణము ఎగవేసినవాడు కారాదు. ఉన్నతపాఠశాల పూర్తిచేసినట్లు నిదర్శనముండవలెను. పురుషుడైనచో సైనికసేవకై పెట్టిన పట్టికలో పేరు నమోదై యుండవలెనని ఆనాడు నియమము. శైశవమున తల్లిదండ్రులు పత్రములు లేక తెచ్చినందున అచ్చటనే పెరిగి చదువుకొనుచున్న పిల్లలు దీనితో బయటపడిరి. మన రైతు కుమారుని వంటి పరదేశీయులును బయటపడిరి. స్వదేశీయులలోను ఎందఱో పడిరి. పౌరులు కానివారివిషయమున 1996వ సంవత్సరపు చట్టమొకటి యడ్డమున్నదని విద్యాశాఖ వాదించినది. ప్రజాధనము దారితప్పునను భయమునుగూడ చూపినది. ఆ భయము వట్టిది కాదు. ధనము పంచుచోట దొంగ హాజరు పుట్టుట నేనెఱుగనిది కాదు.

అయినను నా కొలది శాస్త్రజ్ఞానమునకు తోచినది చెప్పుదును. శబ్దమునకు యోగార్థము, రూఢ్యర్థము అని రెండు గలవు. విద్యను అర్థించువాడు విద్యార్థి, ఇది యోగము. బడి పట్టీలో పేరున్నవాడు విద్యార్థి, ఇది లోకరూఢి. విద్యాశాఖ చెప్పినది ఈ రెండింట ఏదియు కాదు. సామాన్యముగ విధించిన వాక్యమును, విశేషవచనము లేనిదే, కుదింపరాదని మీమాంసలో మొదటి పాఠములలోనే చెప్పుదురు. అదే చట్టమున ధనవిభాగమునకై పెల్ విద్యార్థుల లెక్క కావలసినచోట ఆ పేరు స్పష్టముగ వ్రాసినవారు, చేతికిచ్చుచోట ఊరక "విద్యార్థులు" అని యేల వ్రాసిరి?

ఇచ్చట మన దేశపు మాట యొకటి. గుంటూరు మండలమున మల్కాపురములో 1261వ సంవత్సరపు శాసనమొకటి కలదు. కాకతి రుద్రమదేవి నాటిది, విశ్వేశ్వర శివాచార్యులకు చేసిన గ్రామదానమును గూర్చినది. ఆ యాదాయముతో విద్యాశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపించిరి. అచ్చటి అన్నసత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని వ్రాయించిరి. ఎవరికో విప్పి చెప్పినందున తరువాతివారికి తగవులాడుట కెడము లేదు. కేర్స్ చట్టము వ్రాసినవారు తొందరలో నుండిరి, అందుచే చెప్పలేదు.

చెప్పనిదానిని చెప్పించుటకు న్యాయస్థానములు కలుగజేసికొనవలసి వచ్చెను. నూటికి పైగా కళాశాలలుగల కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల యధికారులు ఒక వ్యాజ్యమును, వాషింగ్టను రాష్ట్రము వేఱొక వ్యాజ్యమును వేసిరి. 2020 జూను నెలలో రెండు న్యాయస్థానములును, నాల్గవ భాగపు అర్హతను ఈ ధనమునకు తగిలించుటను తాత్కాలికముగ నిలిపివేసినవి. ఆ నెలలోనే విద్యాశాఖ తన మాటనే నిబంధనగా ప్రకటించినది. ఇట్లు ఒక రాష్ట్రమున విద్యార్థియైనవాడు పొరుగు రాష్ట్రమున కాకపోయెను. తగవెందుకని కొన్ని కళాశాలలు, బయటపడినవారికి తమ సొంత నిధులనుండి కొంత ముట్టజెప్పినవి. కొన్ని ఊరకుండినవి.

ఆ దినములలో రైతు ఉదయమున పాలకేంద్రమునకు పోవుచు నా యరుగుమీద కూర్చుండి కుమారుని సమాచారము చెప్పుచుండెను. భోజనశాల మూసిరి, పని పోయినది, అచ్చటి తెలుగువారు బియ్యము, పప్పు తెచ్చియిచ్చిరి. ఇంటికి రమ్మందమన్నను మార్చి 22వ తేదీనుండి విమానములు నిలిచిపోయినవి. మే నెలలో వందేభారత్ విమానములు మొదలైనను టిక్కెట్టునకు డబ్బు కావలెను. వచ్చిన తరువాత చదువు పోవునను భయము వేఱు. జూలై 6వ తేదీన మఱొక పిడుగు పడినది. తెరమీద మాత్రమే పాఠములు వినుచున్న పరదేశ విద్యార్థులు దేశమున నుండరాదని అచ్చటి ప్రభుత్వము ఆజ్ఞాపించినది. హార్వర్డు విశ్వవిద్యాలయమును, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయు న్యాయస్థానమున కెక్కగా, 14వ తేదీన ఆ యాజ్ఞను ఉపసంహరించుకొనిరి. ఆ యెనిమిది దినములు ఆ రైతు పొలము మొగము చూడలేదు.

2020 డిసెంబరు 27వ తేదీన రెండవ చట్టమును, 2021 మార్చి 11వ తేదీన మూడవ చట్టమును వచ్చినవి. మూడవది తక్కినవానికంటె పెద్దది. ఒక్కదానిలోనే ఉన్నత విద్యకు సుమారు 3,960 కోట్ల డాలర్లు. ముమ్మారును కలిపి 7,000 కోట్లకు మించినది. మిక్కిలి యవసరమున నున్నవారికి ముందీయవలెనని ఈమాఱు వ్రాసిరి. తమ వంతు ధనముతో విద్యార్థుల బాకీలు కొట్టివేసిన కళాశాలలును కలవు. డెలావేరు రాష్ట్ర విశ్వవిద్యాలయము అట్లు రెండువందల యిరువదికి పైబడిన పట్టభద్రుల బాకీ, 7 లక్షల 30 వేల డాలర్ల మేరకు, మాపివేసినది.

మాట యొక్క యర్థము మాత్రము 2021 మే నెలలో తేలినది. అప్పటికి ప్రభుత్వము మాఱినది. మిగ్యుయెల్ కార్డోనా విద్యాశాఖ కార్యదర్శిగా నుండెను. 2020 మార్చి 13వ తేదీనగాని, తరువాతగాని, కళాశాల పట్టీలో పేరున్న ప్రతివాడును విద్యార్థియేయని నిబంధన వెలువడినది. పౌరుడా, పరదేశియా, పత్రములు కలవాడా, లేనివాడా యను ప్రశ్న తొలగినది. లోకరూఢియే తుదకు నిలిచినది. అది నిలుచుటకు పదునాలుగు మాసములు పట్టినది. ఆ పదునాలుగు మాసములలో చదువు మానుకొని పోయినవారిని ఏ నిబంధనయు వెనుకకు తీసికొని రాలేదు.

ఆ వేసవిలో నొకనాడు రైతు తన చేతిఫోనులో కుమారుడు పంపిన యుత్తరపు ప్రతిని తెచ్చి చూపెను. విశ్వవిద్యాలయము వానికి కొంత సొమ్ము మంజూరు చేసినది. నేను ఆంగ్లములో చదివి తెలుగున చెప్పితిని.

"పంతులుగారూ, ఇది అప్పు కాదాండీ?" అనెను.

"కాదు."

"వడ్డీ?"

"అప్పే కానప్పుడు వడ్డీ యెక్కడిదిరా?"

కొంతసేపూరకుండి, "మొదట్లో మావాడికి చెల్లదన్నారు గదండీ, ఇప్పుడెందుకిచ్చినట్టు?" అని యడిగెను. మార్చి 13వ తేదీకి పట్టీలో పేరున్న యందఱికిని చెల్లునని నిర్ణయించిరని చెప్పితిని.

"ఆ రోజుకి మావాడి పేరు పట్టీలో ఉన్నదిగదండీ?"

"ఉన్నది."

తలపాగ విప్పి మొగము తుడుచుకొని, ఆ తేదీ యున్న వాక్యమును మరల నొకసారి చదువుమనెను. చదివితిని.