మనుషులు లేని ఊరేగింపు

2015 నవంబర్ 29, ఆదివారం పొద్దున. పారిస్‌ నడిబొడ్డున రిపబ్లిక్ కూడలి నిండా పాదరక్షలే. ఎత్తుమడమల జోళ్లు, మడమలరిగిన బూట్లు, పసివాళ్ల బుజ్జి చెప్పులు బారులు తీరి వేల జతలు. కొన్నింటిలో చీటీలు పెట్టారు, కొన్నింటిలో పూలు. పోప్ ఫ్రాన్సిస్ పంపిన నల్లబూట్లు, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ పరుగు బూట్లు కూడా వాటి మధ్యే ఉన్నాయి.

నిజానికి ఆ రోజు అక్కడ లక్షల మంది నడవాలి. మర్నాడు మొదలయ్యే వాతావరణ సదస్సుకు వచ్చే దేశాధినేతలకు తమ మాట వినిపించాలని నెలల తరబడి ఏర్పాట్లు చేసుకున్నారు. అంతలో నవంబర్ 13 రాత్రి ఉగ్రవాదుల దాడుల్లో 130 మంది చనిపోయారు. ఫ్రాన్స్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, ఊరేగింపును నిషేధించింది. రాముడు లేనప్పుడు ఆయన పాదుకలు సింహాసనమెక్కినట్టు, మనుషులు రాలేని కూడలికి చెప్పులొచ్చాయి.

కొన్ని వేల మంది మాత్రం ఇళ్లలో ఉండలేకపోయారు. ఊరేగింపు కాదు కాబట్టి కాలిబాట మీద చేయీ చేయీ పట్టుకుని వోల్టేర్ వీధి వెంట గొలుసుకట్టి నిలబడ్డారు. ఆ దాడుల్లో 90 మంది బలైన బటాక్లాన్ థియేటర్ ముందు మాత్రం ఎవరూ నిలబడలేదు. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో గొలుసును అక్కడ తెంచి, కొంత మేర ఖాళీ వదిలారు. ఇంత మర్యాద తెలిసిన జనం వల్ల ఏం ముప్పొస్తుందని ప్రభుత్వం భయపడిందో! మధ్యాహ్నం కూడలిలో ఒక గుంపు పోలీసులతో తలపడిన మాట నిజమే. పోలీసులు బాష్పవాయువు వదిలారు, 200 మందికి పైగా అరెస్టయ్యారు. కానీ అంతకు ముందే పర్యావరణ కార్యకర్తలను కొందరిని ఉగ్రవాద భయంతో తెచ్చిన అధికారాలతోనే గృహనిర్బంధంలో పెట్టారు. అది అన్యాయం.

పారిస్‌లో ఆగిన నడక ఆ వారాంతంలో మెల్‌బోర్న్, లండన్ సహా ఎన్నో నగరాల్లో సాగింది. అంతకు ఏడాది ముందు, 2014 సెప్టెంబర్ 21న, న్యూయార్క్‌లో మూడు లక్షల మందికి పైగా నడిచారని నిర్వాహకుల లెక్క. బాన్ కీ మూన్ అప్పుడు స్వయంగా వాళ్లతో కలిసి నడిచారు.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. ఆ ఏడాది మే నెల వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఎండలో పని మానితే పూట గడవని కూలీలు, ముసలివాళ్లు. నవంబర్‌లో నెల్లూరు జిల్లాను వరద ముంచింది. సదస్సు మొదలైన మర్నాడే చెన్నై నీట మునిగింది.

పారిస్ సదస్సులో డిసెంబర్ 12న ఒప్పందం కుదిరింది. భూతాపం పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా దిగువనే నిలపాలని, 1.5 డిగ్రీలకే పరిమితం చేసేందుకు ప్రయత్నించాలని రాసుకున్నారు. ఆ 1.5 కోసం పట్టుబట్టింది సముద్రం మింగేస్తుందన్న భయంతో బతికే చిన్న ద్వీప దేశాలు, వీధుల్లోని జనం. అయితే ఎవరెంత తగ్గించాలన్నది ఆయా దేశాల ఇష్టానికే వదిలారు, తప్పితే శిక్ష లేదు. అప్పటికి దేశాలిచ్చిన హామీలన్నీ నెరవేరినా వేడి 3 డిగ్రీల దరిదాపులకు చేరుతుందని అప్పటి లెక్కలు చెప్పాయి. అందుకే ఒప్పందం కుదిరిన రోజే వేల మంది ఎర్రటి బ్యానర్లు పట్టుకుని ఆర్క్ ద ట్రియోంఫ్ దగ్గర మళ్లీ రోడ్డెక్కారు.

అయిదేళ్లకోసారి ప్రతి దేశం లక్ష్యాన్ని పెంచుకోవాలన్నది ఆ ఒప్పందంలోని మాటే. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పెరుగుదల తొలిసారి ఏడాది మొత్తం లెక్కలో 1.5 డిగ్రీలు దాటింది. కొత్త లక్ష్యాలకు గడువు 2025 ఫిబ్రవరి. ఆ గడువులోపు మన దేశంతో సహా అత్యధిక దేశాలు వాటిని సమర్పించలేదు.