బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

కిందటేడు వానాకాలంలో అక్క కంప్యూటర్ ఆగిపోయింది. అక్క నాకు తోడబుట్టినది కాదు. హైదరాబాదులో తన ఇంటి ముందుగదిలో పాతికేళ్ళు డీటీపీ చేసిన మనిషి. మహిళా సంఘాల కరపత్రాలు, ఎందరో రచయిత్రుల తొలి పుస్తకాలు, నాలాంటి వాళ్ళ సిద్ధాంత గ్రంథాలు ఆ గదిలోంచే బయటికొచ్చాయి. పాత ఫైళ్ళ కోసమని ఒక మెషిన్‌ని విండోస్ 98తో అలాగే ఉంచుకుంది. ఆగిపోయింది అదే.

అందులో నాకు కావలసిన ఫైళ్ళు 43. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక నెల్లూరు జిల్లా అంతా అంటుకున్న ఉద్యమం మనకు తెలుసు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అక్కా, ఆమె స్నేహితురాళ్ళూ ఆ ఊళ్ళు తిరిగి, ఉద్యమంలో ఉన్న స్త్రీల మాటలు క్యాసెట్లలో రికార్డు చేశారు. అచ్చుకి డబ్బుల్లేక పుస్తకం రాలేదు. క్యాసెట్లు బూజుపట్టి పోయాయి. అక్క కంపోజ్ చేసి పెట్టినది ఒక్కటే మిగిలింది.

"మదర్‌బోర్డు పోయింది గానీ హార్డ్ డిస్కు బాగానే ఉంది మేడం" అన్నాడు మెకానిక్. హమ్మయ్య అనుకున్నాను. ఫైళ్ళు నా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎలాగో అక్షరాలు బయటికి లాగితే, తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఏవో యూరప్ అక్షరాలూ పేజీల కొద్దీ.

కారణం తెలిసిందే. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు అటు వెళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవి. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తులు ఇంకో చోట. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే అద్దెకున్న ఇల్లే కనిపిస్తుంది. 'స్త్రీ' అనే మాటే చూడండి. యూనికోడ్ వరసలో స, త, ర అయ్యాక చివర్న గుడిదీర్ఘం వస్తుంది. పాత ఫాంటులో ముందు 'సీ' వేసి, కింద తవత్తు, పక్కన రవత్తు తగిలిస్తారు. కాబట్టి ఏ గదిలో ఏ ముక్క ఉందో తెలిస్తే చాలదు, వరస కూడా మార్చాలి. అది సరిగా జరిగిందో లేదో పోల్చి చూసుకోవడానికైనా ఆ ఫాంటుతో ఒక్కసారి ఆ పేజీని తెరవాలి.

సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికి, ప్రింటర్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. ఆ పోర్టు ఎందుకంటే, తెలుగు సాఫ్ట్‌వేర్‌కి తాళంలాగా డాంగిల్ అని చిన్న ముక్క ఉండేది. అది వెనక తగిలిస్తేనే పని చేస్తుంది. డాంగిల్ పాత మెషిన్‌కే ఉంది. కానీ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తుంటే పేజ్‌మేకర్ సీరియల్ నంబరు అడిగింది, తెలుగు సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగింది. సీడీల అట్టలు ఎప్పుడో పోయాయి.

తెలుగు సాఫ్ట్‌వేర్ అమ్మిన వాళ్ళకి ఫోన్ చేశాను. "బిల్లు ఎవరి పేరు మీద ఉంది మేడం?" అన్నాడతను. అక్క పేరు వెతికాడు. లేదు. ఆమె భర్త పేరు చెప్పాను, ఉంది. "అయితే సార్‌ని ఒక లెటర్ రాసిమ్మనండి." ఆ సారుతో అక్క విడిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. 1997లో ఆ బిల్లు డబ్బులు అక్క చీటీ పాడి కట్టినవి. షాపుకి వెళ్ళి సంతకం పెట్టింది ఆయన. ఫోన్‌లో అతను మర్యాదగానే మాట్లాడాడు. అతని రిజిస్టర్లో అక్క లేదు, అంతే.

ఈ అనుమతి పత్రం అనేదానికి పెద్ద వయసేమీ లేదు. 1946లో ఎనియాక్‌ని లోకానికి చూపించినప్పుడు దానికి పని నేర్పిన ఆరుగురూ ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. అప్పట్లో ప్రోగ్రాముకి విడిగా ధర లేదు. 1969లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కి వేరే ధర కడతామని ప్రకటించింది. 1976లో బిల్ గేట్స్ కాపీలు చేసుకునేవాళ్ళని దొంగలంటూ బహిరంగ లేఖ రాశాడు. మన దేశంలో 1984 సవరణతో కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాముని 'సాహిత్య రచన'ల్లో చేర్చింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఇది ఇంత ఆలస్యంగా తెలియడం కాస్త సిగ్గనిపించింది. 1994 సవరణలో ఇంకో సంగతి ఉంది. పాడైపోతే పనికొచ్చేలా ప్రోగ్రాముకి బ్యాకప్ కాపీ చేసుకునే హక్కుని, చట్టబద్ధంగా ఆ కాపీ ఎవరి దగ్గరుందో వాళ్ళకి ఇచ్చారు. బిల్లు ఎవరి పేరు మీదుందని అక్కడ అడగలేదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చాక కొనుక్కున్న దానికి కూడా కంపెనీ సర్వర్ సరేననాలి. ఆ సర్వర్లే మూతపడిన రోజులూ వచ్చాయి. 2012 డిసెంబరులో అడోబీ తన సీఎస్2 సాఫ్ట్‌వేర్‌కి సర్వర్లు ఆపేసి, తర్వాత కొనుక్కున్నవాళ్ళ కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీలు పెట్టింది. మా పేజ్‌మేకర్ అంతకన్నా పాతది. 1985లో ఆల్డస్ తెచ్చింది, 1994లో అడోబీ చేతికొచ్చింది, 2001 నాటి ఏడో వెర్షనే చివరిది.

ఆయనకి ఫోన్ చేద్దామా అని అడిగాను. "చచ్చినా వద్దు" అంది అక్క. నేను పట్టుపట్టాను. ఆ 43 మంది మాటలకన్నా నీ పంతం ఎక్కువా అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. అటక మీద పాల లెక్క పుస్తకం దొరికింది. వైరస్ వచ్చినప్పుడల్లా మెషిన్‌లో అన్నీ మళ్ళీ ఎక్కించింది అక్కే కాబట్టి, చేతికందిన పుస్తకంలో నంబర్లు రాసుకుంది. 1999 మార్చి పేజీలో, అర లీటరు పాలు, పెరుగు, నాగాల కింద పేజ్‌మేకర్ సీరియల్ నంబరు. వెనక అట్ట మీద తెలుగు సాఫ్ట్‌వేర్‌ది. సున్నాకీ 'ఓ'కీ తేడా తెలియాలని సున్నా మధ్యలో అడ్డగీత.

మొదటి ఫైలు తెరుచుకుంది. సంతకం పెట్టడం కూడా రాని ఒకామె సారా వేలంపాట దగ్గరికి ఎలా వెళ్ళారో చెబుతోంది. అక్క తెర మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. మధ్యలో ఆగి, "ఇక్కడ దీర్ఘం తప్పు కొట్టాను" అంది.

ఇప్పటికి 38 ఫైళ్ళు యూనికోడ్‌లోకి మార్చాం. మిగిలిన ఐదూ ఇంకో సెంటర్లో, వేరే ఫాంటులో కొట్టినవి. ఆ సెంటర్ మూతపడింది. అక్కడ పనిచేసిన అమ్మాయి ఇప్పుడు కరీంనగర్‌లో ఉందట. వచ్చే వారం వెళ్తున్నాను.