అరకులో ఇల్లు కొనాలనుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు 1/70 చట్టం గురించి తెలుసుకోండి

అరకు లోయలో తక్కువ ధరకే స్థలం, కాటేజీ ఉందంటూ ఫోన్‌కు ప్రకటన వచ్చిందా? ధర, ఈఎంఐ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. అక్కడ ఆస్తి కొనే హక్కు మీకు ఉందో లేదో ముందు చూసుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దీన్నే జనం 1/70 చట్టం అంటారు. దీని ప్రకారం ఇక్కడి స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు మాత్రమే అమ్మాలి. అమ్మేది గిరిజనేతరుడైనా ఇదే నియమం. కొనేందుకు గిరిజనులెవరూ ముందుకు రాకపోతే, ఆయన ఆ ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవచ్చు. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది.

లీజు, అగ్రిమెంట్ రాసుకుంటే?

కుదరదు. చట్టం దృష్టిలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, బహుమతి, మార్పిడి, వీటి కోసం రాసుకునే ఒప్పందాలు కూడా అందులోకే వస్తాయి. స్టాంపు పేపరు మీద రాసుకున్నా అవి చెల్లవు. అధికారులు మిమ్మల్ని ఖాళీ చేయించి ఆస్తిని వెనక్కి ఇప్పించవచ్చు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. తెలిసిన గిరిజనుడి పేరు మీద కొంటే బినామీ చట్టం కింద కూడా చిక్కులు తప్పవు.

హోమ్ లోన్ వస్తుందా?

గిరిజనేతరులు కొనే ఆస్తికి చెల్లుబాటయ్యే పత్రమే ఉండదు కాబట్టి బ్యాంకుకు తనఖా పెట్టేందుకు ఏమీ మిగలదు. గిరిజనులు మాత్రం తమ ఆస్తిని స్వాధీనం వదలకుండా ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులు, సహకార సంఘాల వద్ద తనఖా పెట్టుకోవచ్చు. అప్పు తీరకపోతే బ్యాంకు ఆ ఆస్తిని మళ్లీ గిరిజనులకే అమ్మాలి. కొనేవారు తక్కువ కాబట్టి రుణం మంజూరుకు ముందు బ్యాంకులు ఆచితూచి వ్యవహరించే అవకాశం ఉంది.

మైదానంలో కొంటే ఎంత ఖర్చు?

కొండ దిగితే శృంగవరపుకోట, ఇంకా ముందుకెళ్తే విశాఖపట్నం ఉన్నాయి. ఇల్లు రూ.25 లక్షలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం చొప్పున చూస్తే మరో రూ.1.87 లక్షలు అవుతుంది. రూ.20 లక్షల రుణాన్ని 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.18 వేలు. మొత్తం తిరిగి కట్టేది దాదాపు రూ.43 లక్షలు. అంటే రిజిస్ట్రేషన్ ఖర్చుతో కలిపి మీ చేతిలో కనీసం రూ.7 లక్షలు ఉండాలి.

కొనే ముందు ఏం చూడాలి?

• ఆ గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉందేమో తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. కొన్ని మండలాల్లో కొన్ని గ్రామాలే ఈ జాబితాలో ఉంటాయి.
• ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీసుకుని లాయరుకు చూపించండి.
• "ఇక్కడ అందరూ ఇలాగే కొన్నారు" అనే మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత వారిదే.