గట్టి పళ్లెంలో గట్లు



మా మార్టూరు తానున్న చోటినుండి ఎన్నడూ కదలలేదు. నేను పుట్టిననాడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో చేరింది. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. పటం మీది గీత మాత్రం మూడుచోట్లకు జరిగింది.

కంప్యూటరు తెరచినప్పుడు కనబడే సీ, డీ, ఈ అనే గదులు కూడ ఇటువంటి గీతలే. హార్డ్ డిస్కును నా వంటి పండితుడు తెనిగిస్తే 'గట్టి పళ్లెం' అనవలసివస్తుంది. ఆ పళ్లెంలో గట్లు వేసి మడులుగా విడగొట్టడాన్నే పార్టిషన్ చేయడమంటున్నారు. ఈ గట్ల పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పి, అవి తెలియక నేను పోగొట్టుకున్నదేమిటో చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే, సెప్టెంబరులో, అమెరికాలో ఐబీఎం సంస్థ 'రామాక్' అనే యంత్రాన్ని ప్రకటించింది. రెండడుగుల వ్యాసం గల పళ్లేలు యాభై, ఒకదానిపై ఒకటి పేర్చి ఉండేవి. బరువు సుమారు ఒక టన్ను. ఇంతా చేసి దానిలో పట్టేవి యాభై లక్షల ఇంగ్లీషు అక్షరాలు, నేటి లెక్కలో నాలుగు మెగాబైట్లకు కొంచెం తక్కువ. నాలుగువందల పుటల తెలుగు గ్రంథాన్ని నేటి యూనికోడులో టైపు చేస్తే రెండున్నర మెగాబైట్లు కావచ్చు. అనగా, టన్ను బరువుగల ఆ యంత్రంలో పట్టేది ఒకటిన్నర పుస్తకం! మా ప్రాంతానికి గర్వకారణమైన వేటపాలెం సారస్వత నికేతనంలోని గ్రంథాలను దానిలోకి ఎక్కించాలంటే చీరాల పట్టణమంతా యంత్రాలు నింపినా చాలేది కాదేమో. (ఇది లెక్క కాదు, పంతులు అతిశయోక్తి.)

అంత చిన్న పళ్లేనికి గట్లు అక్కరలేదు. గట్ల అవసరం 1983లో వచ్చింది. ఆ ఏడాది ఐబీఎం వారు పది మెగాబైట్ల డిస్కుతో 'ఎక్స్‌టీ' అనే సొంత కంప్యూటరును విడుదల చేశారు. అప్పటికే ఏ, బీ అనే అక్షరాలు ఫ్లాపీలకు దత్తమైపోయాయి గనుక ఈ డిస్కుకు 'సీ' దక్కింది. ఫ్లాపీలు గతించి ఎన్నో ఏళ్లయినా ఆ రెండక్షరాలూ ఖాళీగానే ఉన్నాయి, చనిపోయిన పెద్దల కుర్చీల వలె. డిస్కు ఖరీదైనది, నడిపించే వ్యవస్థలు పలురకాలు. ఒకే డిస్కుపై డాస్‌తో పాటు వేరొక వ్యవస్థ కూడ కాపురముండాలంటే ఎవరి హద్దు ఎంతవరకో రాసిపెట్టాలి. ఆ రాతకు మొట్టమొదటి సెక్టారులో అరవైనాలుగు బైట్ల చోటు కేటాయించారు. ఒక్కొక్క మడికి పదహారు బైట్లు, కాబట్టి నాలుగే మడులు.

దీనిని మా కరణంగారి లెక్కలతో పోల్చకుండా ఉండలేను. పొలం గట్టు ఎక్కడుందో పొలాన్ని చూసి కాదు, అడంగలు చూసి చెప్పేవారు. 1984లో కరణీకాలు రద్దయినా అడంగలు అలాగే ఉంది, చూసేవారు మారారంతే. డిస్కు సంగతీ ఇంతే. డిస్కు మీద ఎక్కడా గోడ ఉండదు. మొదటి సెక్టారులోని ఆ నాలుగు పద్దులు చెడిపోతే, లోపలి పంట చెక్కుచెదరకుండానే పొలమంతా అనాధీనమవుతుంది. నాలుగు మడులు చాలనప్పుడు, 1987లో వచ్చిన డాస్ 3.3లో ఒక మడిని పెద్దదిగా ఉంచి దానిలో ఉపమడులు కట్టే ఏర్పాటు చేశారు. సర్వే నంబరుకు ఏ, బీ అని తోకలు తగిలించినట్లు!

తొంభైలలో డిస్కులు పెరిగాయి, కొత్త చిక్కు వచ్చింది. ఆనాటి పద్ధతిలో ఒక్కొక్క మడిలో సుమారు అరవైయైదు వేల గడులకు మించి లెక్కపెట్టడం కుదరదు. మడి పెద్దదైతే గడి పెద్దది కావలసిందే. రెండు గిగాబైట్ల మడిలో గడి పరిమాణం ముప్పైరెండు కిలోబైట్లు. ఒక గడిలో ఒకే ఫైలు ఉండాలనే నియమం వలన, రెండు వాక్యాల ఉత్తరం కూడ గడినంతటినీ ఆక్రమిస్తుంది. కోల్డ్ స్టోరేజీలో ఒక్క మిరపకాయ టిక్కీ పెట్టి గది మొత్తానికి బాడుగ కట్టినట్లు. ఆ వృథాను తగ్గించడానికే నాడు ఎందరో డిస్కును చిన్నచిన్న మడులుగా కోసుకున్నారు. 1996లో ఫ్యాట్32 వచ్చి ఈ ఇబ్బంది తీర్చింది. కారణం పోయినా అలవాటు పోలేదు. దానికి మరో సాకు దొరికింది: విండోస్ చెడిపోతే సీని తుడిచివేయవచ్చు, డీలోనివి భద్రం.

ఐదువందల గిగాబైట్లని కొన్న డిస్కు నాలుగువందల అరవైయైదే చూపుతున్నదని దుకాణదారును దూషించేవారున్నారు. అతని తప్పేమీ లేదు. తయారీదారుడి కుంచం వేయింటితో హెచ్చిస్తుంది, విండోస్ కుంచం వెయ్యిన్ని ఇరవైనాలుగుతో. ఊరూరికీ కుంచం మారిన కాలాన్ని మా పెద్దలు చూశారు. మన దేశంలో తూనికలు కొలతల చట్టం వచ్చింది కూడ ఆ 1956లోనే. కంప్యూటరుకు మాత్రం ఈ రెండు కుంచాలూ నేటికీ నడుస్తున్నాయి.

ఇక నా గోడు. ఉద్యోగంలో ఉండగా పత్తితీతలకూ మిరపకోతలకూ వచ్చే స్త్రీలు పాడుకునే పాటలను నోటుపుస్తకాలలోకి ఎక్కించుకున్నాను. పాడినవారిలో పలువురు గతించారు. కంప్యూటరు కొన్నాక రెండేళ్లు కూర్చుని, ఒక్కొక్క పాటకు ఒక్కొక్క ఫైలు చొప్పున నూటనలభై పాటలు యూనికోడులో టైపు చేశాను. టైపు అయిందన్న ధీమాతో నోటుపుస్తకాలను అటక మీద పడవేస్తే వాటిని చెదలు ఆరగించాయి. అంతలో విండోస్ మొరాయించింది. బాగుచేయవచ్చిన కుర్రవాడు, "సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాను మాస్టారూ, డీలోవి పోవు" అన్నాడు. సరేనన్నాను. 'మై డాక్యుమెంట్స్' అనే సంచీ సీ లోనే వేలాడుతుంటుందని అతడు చెప్పలేదు, నేను అడగలేదు. డీ మడిలో ఉన్నవి మా మనుమడి ఆటలు.

నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి విషయం విని, ముందుగా కంప్యూటరు ఆపించాడు. ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా కొట్టివేయబడేది రిజిస్టరు; బస్తా గదిలోనే ఉంటుంది, దానిమీద మరో బస్తా దిగేదాకా. కాని రిజిస్టరు లేకుండ బస్తాను పోల్చడం ఎట్లా? యూనికోడు తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. ఇంగ్లీషులో మార్టూరుకు ఆరు బైట్లు చాలు, తెలుగులో ఇరవైనాలుగు. ఇది తెలుగుకు జరిగిన అన్యాయమని నేను పలుమార్లు సణిగినవాడినే. ఆ మూడింటిలో మొదటి రెండు బైట్లు తెలుగు అక్షరాలన్నిటికీ రెండే రకాలు: ఈ-సున్న తరువాత బీ-సున్న, లేదా ఈ-సున్న తరువాత బీ-ఒకటి. ఆ జంట ఎక్కడెక్కడ గుంపుగా ఉన్నదో డిస్కు ఆ చివరినుండి ఈ చివరిదాకా వెదికించాడు. రాత్రంతా పట్టింది.

తెల్లవారేసరికి తొంభైమూడు పాటలు దొరికాయి. గడి పరిమాణం నాలుగు కిలోబైట్లు. చిన్న పాట ఒకే గడిలో ఇమిడిపోవడం వలన నిలువునా దక్కింది. గడిని నిందించిన నోటితోనే దానికి దండం పెట్టాను.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ ఉపాయం పారుతుందని ఎవరూ ధైర్యపడవద్దు. తిరిగే పళ్లెం స్థానంలో వచ్చిన ఎస్సెస్‌డీలో, ఫైలు చెరిపిన కొద్దిసేపటికే 'ట్రిమ్' అనే ఏర్పాటు ఆ గడిని ఖాళీచేయిస్తుంది. కొత్త యంత్రాలలో హద్దుల పట్టిక పద్ధతి కూడ మారింది. నూట ఇరవైయెనిమిది మడులకు చోటుంది, పట్టిక నకలు డిస్కు చివర మరొకటి ఉంటుంది. సీ నిండిపోయిందని పెంచబోతే 'ఎక్స్‌టెండ్' అనే మాట బూడిదరంగులో వెక్కిరిస్తుంది. సీకి కుడిపక్కన ఆనుకొని ఖాళీ ఉంటేనే విండోస్ కలుపుతుంది, నడుమ రికవరీ మడి అడ్డుపడితే కలపదు. పక్కపొలం వాడు అమ్మకపోతే ఆవలి పొలం కొని ప్రయోజనమేమి?

నా లాప్‌టాప్‌లో ఇప్పుడు సీ ఒక్కటే. మడులు కట్టలేదు. డిస్కు పోతే అన్ని మడులూ ఒకేసారి పోతాయి కదా! పాటలు మాత్రం బయటి డిస్కులో ఒక ప్రతి, హైదరాబాదులో మా అమ్మాయి ఇంట ఒక ప్రతి, అచ్చుతీయించి బీరువాలో ఒక ప్రతి ఉన్నాయి.

పెద్ద పాటలు ఒకటికి మించిన గడులలో పరచుకొని ఉండేవి. వాటిలో తొమ్మిదింటికి మొదటి గడి మాత్రమే దొరికింది. అందులో ఒకటి మా వీధిలో ఉండిన ఒక ముసలమ్మ పాడినది. పత్తిచేనిలో తప్పిపోయిన లేగదూడను వెదుక్కుంటూ వెళ్లే పిల్ల కథ అది. దూడ దొరికిందో లేదో, చరణం సగంలో ఆగిపోయింది.