మహమ్మారి కాలంలో వృద్ధుల శారీరక శ్రమ: సామాజిక ప్రభావాలు

కొవిడ్ మహమ్మారి వేళ వృద్ధుల నడక, వ్యాయామం కొనసాగడంలో కుటుంబం, ఇరుగుపొరుగు, ప్రభుత్వ నిబంధనల పాత్ర పెద్దది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది; 65 ఏళ్లు పైబడినవారు అత్యవసరమైతే తప్ప ఇల్లు కదలరాదని కేంద్రం సూచించింది. స్వర్ణముఖి తీరాన ఉన్న నాయుడుపేట (అప్పట్లో నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా) వంటి పట్టణాల్లో పెద్దల నడక గుడికి, అంగడికి, రచ్చబండకు వెళ్లి రావడంతో ముడిపడి ఉంటుంది. ఆ రాకపోకలు ఆగితే నడకా ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి గ్రామ, వార్డు వాలంటీర్లు ఇంటికే తెచ్చిన పింఛను రక్షణనిచ్చింది, గడప దాటే అవసరాన్నీ తగ్గించింది. “నాయనా, బయటికి పోబాక” అనే పిల్లల జాగ్రత్తా అంతే. మిద్దెపై తోడు నడక, మనవల ఆటలు ఈ లోటును కొంత పూడ్చగలవు. వృద్ధులకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, మూడు రోజులు తూలిపడకుండా కాపాడే వ్యాయామాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో పేర్కొంది.